పళ్లెం నడుమ సంతకం

మా ముత్తాత తండ్రి నవాబుల కాలంలో ఊరికి రెడ్డి. మా ముత్తాత కుంఫిణీ దొరతనంలో రెడ్డి. మా తాతను, మా నాయనను ప్రభుత్వం తన కాగితాల్లో గ్రామ మునసబులు అని రాసుకుంది గాని, ఊరివాళ్లకు వాళ్లూ రెడ్లే. శిస్తు వసూలు, పొలంగట్ల తగాదాలు, పుట్టుకలు, చావులు, మకాం వచ్చిన ఉద్యోగికి పాలు, గడ్డి, అన్నీ మా వాకిట్లో నుంచే జరిగేవి. మా తాత హయాంలో ఒక కలెక్టరు దొర కరువు చూడడానికి వచ్చి మా చావడిలో రెండు రోజులు ఉన్నాడు. ఆయన గుర్రాన్ని కట్టిన రాతిగుంజకు మా అమ్మ చివరిదాకా ఒక దూడను కూడా కట్టనియ్యలేదు.

మా ఊరు రాచర్లకు అవతల, నల్లమల మొదలయ్యే చోట. అప్పుడది కర్నూలు జిల్లా, మద్రాసు ప్రభుత్వం. జొన్న, ఆముదం, వాన పడితే పంట. పడకపోతే గొర్రెలు, మేకలు. గొల్లలకు మందలు ఉండేవి. మాలపల్లెలో క్రైస్తవ కుటుంబాలు కూలికి పోతూ ఇంటికి రెండో మూడో మేకలు పెంచుకునేవారు. పిల్లకు జ్వరం వస్తే ఒక మేక, చర్చి పండుగకు గుడ్డలు కావాలంటే ఒక మేక.

మా ఇంట్లో ఒక పెద్ద టేకు బల్ల ఉండేది. అడవికి గేట్లు లేని రోజుల్లో మా తాత నల్లమల నుంచి మాను తెప్పించి చేయించాడు. ఊరి నుంచి సర్కారుకు ఏ కాగితం పోయినా ఆ బల్ల మీదే రాయాలి. ఊరంతా కలిసి పెట్టే విన్నపాన్ని మహజరు అంటారు. దానికి ఒక వరస ఉంది. మొదటి సంతకం మాది. తరువాత కరణానిది. తరువాత చదువు వచ్చిన రైతులు. చదువు రానివాళ్లు నాగలి గుర్తు గీసేవారు. గొల్లలు వంకీకర్ర గీసేవారు, చెప్పులు కుట్టేవాళ్లు తోలు పొడిచే ఆరె గీసేవారు. మా నాయన నాకు అక్షరాల కన్నా ముందు ఈ వరస నేర్పాడు. నేను ఇరవై ఆరేళ్లకు మునసబునయ్యాను. అప్పటికే మా భూమి సగానికి వచ్చింది. అయినా ఊళ్లో మొదటి సంతకం మాదే.

రెండో యుద్ధానికి కొన్నేళ్ల ముందు ఒక వేసవిలో ఫారెస్టు రేంజరు దగ్గర నుంచి నాకు ఒక ఉత్తర్వు వచ్చింది. మా వైపు అడవిలోకి ఇక మేకలు రాకూడదు. గొర్రెలకు, పశువులకు పుల్లరి, అంటే మేత పన్ను, కట్టి చీటీ తీసుకోవాలి. మేక కనబడితే పట్టుకొని బందెలదొడ్డిలో పెట్టాలి. మేక మొలకను కొరికితే చెట్టు లేవదని, అడవి పాడైపోతుందని అందులో రాశారు. అది అబద్ధమని నేను చెప్పను. దండోరా వేయించవలసింది నేను. బందెలదొడ్డి మా ఇంటి గోడ పక్కనే. దాని తాళంచెవి మునసబు మొలతాడుకు ఉంటుంది.

దండోరా వేయించిన మూడో రోజుకు ఫారెస్టు గార్డులు నలభై మేకలను తోలుకొచ్చారు. అన్నీ మా ఊరివే. మా ఇంటి మేకలు పన్నెండూ అప్పటికే పెరట్లో కట్టేసి ఉన్నాయి. నేను తాళం తీశాను, లోపలికి తోలించాను, తాళం వేశాను. దొడ్డికి నీడ లేదు. మేకలు అరుస్తూనే ఉన్నాయి. వాటి అరుపు మా వంటింట్లోకి, పూజగదిలోకి, నేను అన్నం తినే చోటికి వచ్చింది. పెద్దగొల్ల, అంటే గొల్లలందరికీ పెద్దమనిషి, మా నాయన ఈడువాడు, దొడ్డి గేటు పట్టుకొని నిలబడ్డాడు.

"ఏంది రెడ్డీ, నా మేకలకు నువ్వు జైలరువైతివి?"

"ఉత్తర్వు మామా. నేనేం చేసేది?"

"మీ తాతకు జబ్బు జేసినప్పుడు ఈ మేకల తల్లుల పాలే తాగినాడు. అప్పుడు ఉత్తర్వు ల్యాకపాయె."

"దుడ్డు కట్టి ఇడిపించుకో. రేపు అడివికి తోలొద్దు."

"యాడికి తోలాల? మీ చేనికా?"

ఆయన గేటు మీద చెయ్యి తీయకుండా, "సరే, మీ అడ్డపంచె తినమంటా," అన్నాడు. పక్కన నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వితే బాగుండేది. నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.

అట్లా ఎండాకాలమంతా గడిచింది. గార్డులు తోలుకొస్తారు, నేను తాళం వేస్తాను, వాళ్లు విడిపించుకుంటారు, మళ్లీ తోలుకొస్తారు. నేను మునసబును కాబట్టి తాళం వేయాలి. నేను రెడ్డిని కాబట్టి తాళం వద్దని సర్కారుకు చెప్పాలి. రెండూ ఒక మనిషి చెయ్యలేడని నాకు అప్పుడే తెలిసి ఉండాలి. మొలతాడుకు ఉన్న తాళంచెవి నడిచినప్పుడల్లా తగిలేది. చొక్కా మీద నుంచి కూడా కనబడుతుందేమోనని కండువా వేసుకొనేవాణ్ణి.

ఆ రోజుల్లో సర్కారు చేత పని చేయించుకునే వాళ్లు మా వైపు లేకపోలేదు. మార్కాపురంలో పలకల వర్తకులకు ఒక సంఘం ఉండేది. రైలు వ్యాగన్లు సమయానికి రాక పలకలు స్టేషనులో ఆగిపోతే, వాళ్లు ఐదుగురు మూసిన కోట్లు వేసుకొని కలెక్టరు రైలు దిగే చోటే నిమ్మకాయలు పట్టుకొని నిలబడ్డారు. వ్యాగన్లు వచ్చాయి. మాలపల్లెకు ఇళ్ల స్థలాలు కావలసి వచ్చినప్పుడు మిషను దొరసాని ఒక ఉత్తరం రాసింది. ఆమె ఎవరినీ వెంట తీసుకుపోలేదు, గుంపు కట్టలేదు. ఆ ఉత్తరం ఆమె దేశపు మనుషులు చదువుతారు, అంతే. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గొలుసు పట్టుకొని కొలవడానికి వచ్చేశాడు. గిద్దలూరులో రైతుసంఘం వాళ్లు ఏడాదికి రెండుసార్లు సభ పెట్టి శిస్తు తగ్గించాలని తీర్మానాలు చేసేవారు. శాసనసభకు వోటు ఉన్నవాళ్లంతా అక్కడే ఉండేవారు కాబట్టి మెంబరు వచ్చి దండ వేయించుకొని, ఆ తీర్మానాలు మద్రాసులో చదివేవాడు. చివరికి మా మునసబులకు, కరణాలకు కూడా ఒక సంఘం వచ్చింది. జీతం పెంచాలని, చిన్న తప్పుకు ఉద్యోగం తీసెయ్యొద్దని వాళ్ల కోరిక. దాని కార్యదర్శి కంభం పక్క ఊరి కరణం. రెండుసార్లు నాకు ఆహ్వానం పంపాడు. రెండుసార్లూ తిప్పి పంపాను. సంఘం అనే మాటే నాకు గిట్టేది కాదు. మా తాత ఒక్కడే కలెక్టరుతో మాట్లాడాడు. పదిమందితో కలిసి చాప మీద కూర్చొని జీతం అడగడం మా ఇంట్లో జరగలేదు.

గొల్లలకు, మాలపల్లెకు ఏ సంఘమూ లేదు. అందుకని పెద్దగొల్ల, మిషను బడి పంతులు కలిసి గిద్దలూరు రైతుసంఘం దగ్గరికి పోయారు. ఈ పంతులు మాలపల్లె బిడ్డే. దొరసాని చదివించింది. మంచి దస్తూరి. అక్కడ జరిగింది ఆయన తరువాత నాకు చెప్పాడు.

సంఘం అధ్యక్షుడు తమలపాకులు నములుతూ విన్నాడట. విని, "మేకలు మా చేలు తింటాయి, సర్కారోళ్లు బందెలో పెడితే మాకు మంచిదే గదా," అన్నాడట.

"రైతుల సంఘం గదా సామీ ఇది. మేమూ రైతులమే గదా," అన్నాడు పెద్దగొల్ల.

"నీకు వోటుందా?"

"ల్యా."

"నీ మేకలకుందా?"

అందరూ నవ్వారట. పెద్దగొల్ల కూడా నవ్వి, "ఉండి ఉంటే మా పోతుమేకనే అధ్యక్షుణ్ణి జేసుకుందుము, గడ్డం కూడా ఉండె," అని లేచి వచ్చాడట.

అప్పుడు వాళ్లు మహజరు పెడదామనుకున్నారు. జమాబంది రోజులు దగ్గర పడ్డాయి. ఏటా డిప్యూటీ కలెక్టరు వచ్చి ఊళ్ల లెక్కలు చూసే మకాం అది. జనం అర్జీలు పట్టుకొని వచ్చేదీ అక్కడికే. ఆ సంవత్సరం మకాం గిద్దలూరు. మునసబులందరం అక్కడ ఉండవలసిందే.

మహజరు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అది వాళ్ల మర్యాద. ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వం మీద మహజరులో సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. నేను పెట్టకపోతే మా ఊళ్లో మొదటి సంతకం పెట్టే మనిషి ఉండడు. ఎవడు మొదట పెడితే గార్డులు వాడి మందనే మొదట పడతారు. దీనికి పంతులు ఒక ఉపాయం తెచ్చాడు. ఆయన తమ్ముడు మార్కాపురం పలకల గనిలో పని చేసేవాడు. అక్కడి కూలీలు యజమానికి కాగితం రాసినప్పుడు పేర్లు కిందికి వరసగా రాయరట. గుండ్రంగా గీత గీసి, చుట్టూ రాస్తారట. మొదలు ఎవరో, కొస ఎవరో తెలియదు. ఎవరినీ ముందుగా పనిలోంచి తీసెయ్యడానికి కుదరదు.

ఒక మధ్యాహ్నం నేను భోంచేసి వీధి అరుగు మీదికి వస్తే ఊళ్లో మగవాళ్లు కనబడలేదు. తలారిని అడిగితే వాడు తల గోక్కున్నాడు. "బడికాడ ఏందో పని ఉండెనంట," అన్నాడు. నేను చెప్పులు వేసుకొని మాలపల్లె బడి దాకా నడిచాను. ఆ వీధిలోకి మునసబుగా పోయాను గాని, పిలవకుండా పోవడం అదే మొదలు.

బడి వసారాలో నూటికి పైగా జనం ఉన్నారు. నేల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. పైన విన్నపం రాసి ఉంది. కింద ఒక పెద్ద గుండ్రని గీత, దాని చుట్టూ పొద్దు కిరణాల మాదిరి పేర్లు, వంకీకర్రలు, నాగళ్లు, ఆరెలు, వేలిముద్రలు. కాగితం పక్కన గీత గీయడానికి వాడిన పళ్లెం బోర్లించి ఉంది. ఇత్తడి పళ్లెం. దాని అంచున మా తాత పేరు చెక్కి ఉంది. పెద్దగొల్ల భార్య పొద్దున్నే వచ్చి శుభకార్యానికని మా అమ్మ దగ్గర అడిగి తీసుకుపోయిన పళ్లెం అది. ఊళ్లో అంత పెద్దది ఇంకొకటి లేదు.

నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి," అన్నాను. ఎవరూ కూర్చోలేదు.

పెద్దగొల్ల ముందుకు వచ్చాడు. "రెడ్డీ, నువ్వు ఇది సూల్లే. నువ్వు ఇంటికాడ ఉండావు. అట్ల అనుకో."

"మా బల్ల ఏమైంది మామా? కాళ్లు ఇరిగినాయా?"

"నీకోసమే గదా నాయనా ఇట్ల రాసుకున్నేది. ఇందులో తల ల్యా, తోక ల్యా. నీ జోలికి ఎవురూ రారు."

పంతులు చేతులు కట్టుకొని అన్నాడు, "రెడ్డిగారూ, తమరు సర్కారు మనిషి. తమరి సంతకం లేకపోయినా ఊరు పెట్టినట్టే అవుతుంది. తమరికి మాట రాకూడదని మా ఉద్దేశం."

వాళ్లు చెప్పింది నిజం. నాకు అంత మేలు ఎవరూ తలపెట్టి ఉండరు. కాని ఆ క్షణాన నాకు వినబడింది ఒక్కటే. తమరి సంతకం లేకపోయినా. మా ముత్తాత కాలం నుంచి మా సంతకం లేకుండా ఏ కాగితమూ ఈ ఊరి పొలిమేర దాటలేదు. ఇప్పుడు మా పళ్లెంతో గీసిన గీత దాటిపోతోంది, అందులో మేము లేము.

"పళ్లెం మాది. సంతకం మాది కాకుండా పోయిందా?" అన్నాను. కలం అడిగాను.

పంతులు ఇవ్వలేదు. నేను వంగి ఆయన చేతిలో నుంచి తీసుకున్నాను. గుండ్రని గీత చుట్టూ ఎక్కడా చోటు లేదు. ఉంటే అక్కడ పెట్టి ఉండేవాణ్ణా అంటే, పెట్టను. వంకీకర్రకు, ఆరెకు నడుమ ఇరికి రాయడానికి నా చెయ్యి రాదు. నడుమ అంతా ఖాళీగా ఉంది. అక్కడ రాశాను. నా పేరు, నా తండ్రి పేరు, అలవాటు కొద్దీ కింద గ్రామ మునసబు అని.

"హోదా వద్దయ్యా," అని పంతులు అన్నాడు గాని అప్పటికే రాసేశాను.

పెద్దగొల్ల కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు చదువు రాదు, కాని ఎక్కడ ఏముందో కనబడుతుంది గదా. "పాయె," అన్నాడు. "కళ్లం నడుమ గుంజ నాటినట్టు నాటుకుంటివి గదా రెడ్డీ."

ఇంకో కాగితం రాయవచ్చు. కాని మరుసటి రోజు తెల్లవారే జమాబంది. గుర్తులు పెట్టినవాళ్లు కొందరు అప్పుడే మందల దగ్గరికి వెళ్లిపోయారు. అదొక్కటే కారణమని చెప్పను. ఇంకో కాగితం రాద్దామని నా ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు, రాయండని అనే బుద్ధి నాకు లేదు.

గిద్దలూరు మకాం చింతతోపులో. డేరాల ముందు మామిడాకుల తోరణాలు. మునసబులం లెక్కల కట్టలు ఒళ్లో పెట్టుకొని వరసగా నేల మీద కూర్చున్నాం. మార్కాపురం వర్తకులు ఏదో పని మీద వస్తే వాళ్లకు కుర్చీలు వేశారు. దొరసాని ఉత్తరాన్ని డవాలా బంట్రోతు తీసుకొని నేరుగా లోపలికి పోయాడు. మా ఊరివాళ్లు ఇరవై మంది మేకలతో సహా వచ్చారు. ఇంటి దగ్గర వదిలిపెడితే గార్డులు తోలుకుపోతారని భయం. ఆ మేకలు డేరా తోరణాలు తిన్నాయి. బంట్రోతులు కర్రలు పట్టుకొని పరుగెత్తుతుంటే పెద్దగొల్ల, "తిననీయప్పా, అయ్యి కూడా అర్జీ పెట్టుకొనేదానికే వచ్చినాయి," అన్నాడు.

డిప్యూటీ కలెక్టరు దక్షిణం వైపు నుంచి వచ్చినవాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు. మా మహజరు చేతికి తీసుకొని మొదలెక్కడో వెతుకుతూ గిరగిర తిప్పాడు. చుట్టూ ఉన్న గుమాస్తాలు నవ్వు ఆపుకుంటున్నారు. తరువాత ఆయన తిప్పడం ఆపాడు. నడుమ చూశాడు.

"మునసబు ఎవరు?"

నేను లేచాను.

"ఇది మీదేనా?"

"నాదే."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. మేకల గురించి ఒక్క మాట అడగలేదు. పెద్దగొల్ల చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కాగితాన్ని గుమాస్తాకు ఇచ్చాడు. ఆ నిమిషం నుంచి అది మేకల కాగితం కాదు, నా కాగితం.

నన్ను సంజాయిషీ రాసి ఇవ్వమన్నారు. ఇచ్చేదాకా మకాం విడిచి పోకూడదన్నారు. మూడు రోజులు ఆ చింతతోపులో ఉన్నాను. ఎవరూ కాపలా లేరు. ఉంటే నయంగా ఉండేది. తోటి మునసబులు అన్నం తినేటప్పుడు నా వైపు వీపు పెట్టి కూర్చునేవారు.

రెండో రోజు డిప్యూటీ కలెక్టరు పిలిపించాడు. చెడ్డవాడు కాదు. కూర్చోమనలేదు గాని గొంతు తగ్గించి మాట్లాడాడు. "మీ వంశం గురించి విన్నాను. సంతకం మీది కాదని రాయండి. లేదంటే ఏముందో తెలియకుండా పెట్టించారని రాయండి. ఇక్కడితో అయిపోతుంది."

"సంతకం నాది కాదంటే ఎవరిదవుతుంది?"

"అది మేము చూసుకుంటాం."

వాళ్లు చూసుకునేది ఎవరినో నాకు తెలుసు. విన్నపం దస్తూరి పంతులుది. ఫోర్జరీ అంటే ఆయన జైలుకు పోతాడు. తెలియక పెట్టానంటే, మా తాత బల్ల దగ్గర కాగితాల వరస నేర్చుకున్నవాణ్ణి గొల్లలు మోసం చేశారని నా చేత్తో నేను రాసుకోవాలి.

సాయంత్రం పంతులే వచ్చాడు. "మీ సంతకం నేనే పెట్టానని రాయండి రెడ్డిగారూ. దొరసాని నన్ను బళ్లోంచి తీసేస్తే మార్కాపురం పోయి తమ్ముడితో పాటు పలకలు కోసుకుంటా. నాకు పిల్లలు లేరు."

పెద్దగొల్ల ఆయన వెనకే నిలబడి, "ల్యాకుంటే మేము బలవంతాన పెట్టించినామని రాయి. మాకేం ఉద్యోగాలున్నాయా పీకేదానికి?" అన్నాడు.

"మీరు నన్ను బలవంతం జేసినారా మామా?"

"ల్యా. కాగితానికి ఏం తెలుసు?"

ఆ మరుసటి పొద్దున మునసబుల సంఘం కార్యదర్శి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండుసార్లు నేను ఆహ్వానం తిప్పి పంపిన కరణం. "అన్నా, సంఘం తరఫున మేము పోయి మాట్లాడతాం. ఇట్లాంటివి ఇద్దరివి సర్దినాం. నువ్వు మెంబరువై ఉంటే సాలు. పాత తారీకు ఏసి ఒక సంతకం పెట్టు," అన్నాడు. ఆయన సంచిలో సభ్యత్వపు కాగితం ఉంది. కలం కూడా తీశాడు.

ఇప్పటికీ ఆ కలం ములుకు నాకు కనబడుతుంది. ఒక్క సంతకం. మా ఇంటికి మూడు తరాలుగా ఉన్న ఉద్యోగం నిలబడేది. నేను ఆయనతో, "ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇక్కడ కూర్చున్నాను. ఇంకోదాని మీద పెట్టను," అన్నాను. ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "నీ ఇష్టం అన్నా. మాకూ నీ మాదిరి ఇంటిపేర్లు ఉండె. సంఘంలోకి వచ్చేటప్పుడు దాసిపెట్టినాం," అని వెళ్లిపోయాడు.

సంజాయిషీ రెండు వాక్యాలు రాశాను. సంతకం నాది. చదివే పెట్టాను. దాన్ని ఊళ్లో చాలామంది పంతులు కోసం, గొల్లల కోసం చేసిన త్యాగం అనుకున్నారు. కొన్నాళ్లు నేనూ కాదనలేదు. నిజానికి నా సంతకాన్ని కాదని రాయడానికి నా చెయ్యి లేవలేదు, అంతే. అది ఎవరిని కాపాడుతుందో తరువాత చూసుకున్నాను.

ముందు సస్పెండు చేశారు, తరువాత తీసేశారు. ఉద్యోగం మా దాయాదికి, మా చిన్నతాత మనుమడికి ఇచ్చారు. వాళ్ల ఇల్లు మా ఎదురుగానే. లెక్కల పెట్టె, దండోరా తప్పెట, బందెలదొడ్డి తాళంచెవి వీధి దాటి అవతలికి పోయాయి. తాళంచెవి నేనే మొలతాడు నుంచి విప్పి ఇచ్చాను. దాయాది రెండు చేతులతో తీసుకొని, "అన్నా, ఏమనుకోవద్దు," అన్నాడు. మా అమ్మ లోపలి నుంచి, "పళ్లెం ఇచ్చిన పాపానికి పెట్టె పాయె," అన్నది. ఆమె నాతో ఈ విషయం మాట్లాడింది అదొక్కసారే.

ఊళ్లో ఎవరూ నన్ను తక్కువ చేయలేదు. అదే కష్టంగా ఉండేది. నేను వస్తుంటే లేచి నిలబడేవారు, నేను దాటిపోయిన తరువాత దాయాది ఇంటికి పనికి పోయేవారు. నా వల్ల తమ మహజరు చెడిందని ఏ గొల్లా నా ముందు అనలేదు. అంటే బాగుండునని ఎదురు చూసేవాణ్ణి. బందెలదొడ్డి తాళం ఇప్పుడు దాయాది వేసేవాడు. మేకల అరుపు మాత్రం మా ఇంట్లోకే వచ్చేది.

వానలు మొదలైన తరువాత కంభం నుంచి తోళ్ల సాయిబు వచ్చాడు. నెలకొకసారి మా వైపు ఊళ్లు తిరిగి మేకతోళ్లు కొని మద్రాసుకు పంపేవాడు. నా ఈడువాడు. ఎప్పుడూ మా అరుగు మీదే దిగేవాడు. ఆ రోజు మనిషి హుషారుగా ఉన్నాడు.

"మామా, ఇన్నావా? అడివి ఇడిచినారు. వచ్చే నెల నుంచి మేకకు పుల్లరి, చీటీ."

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది, ఉత్తర్వు వచ్చింది. మేకల్లేకుంటే మాకు తోళ్లు యాడివి? దుకాణం బంద్ చేసి కూర్చుందుమా? మా కంభం వర్తకులం పదిమందిమి మద్రాసు కంపెనీకి రాసినాం. వాళ్లు ఓడలకు ఎక్కించేటోళ్లు గదా, తెల్లదొరలు. వాళ్ల సంఘం వాళ్లు పైకి రాసినారు. ఐదు వారాలు పట్టె."

"అంతమంది సంతకాలు పెట్టినారా?"

"యాడ మామా! ఒకటే సంతకం. వాళ్ల సెక్రెటరీది. టైపు కొట్టించి రెండు పేజీలు. ఆయప్పకు రాచర్ల ఏ పక్కనో కూడా తెల్దు." సాయిబు నవ్వి, నా ముఖం చూసి ఆపాడు. "మీ కాగితం కూడా మంచిదే మామా. గుండ్రంగా భలే ఉండెనంట."

తరువాత చాలా రోజులు ఆలోచించాను. ఊరంతటి వంకీకర్రలు, ఆరెలు కలిసి అడిగింది మేకలు బతకాలనే. సెక్రెటరీ అడిగింది అవి చావడానికి తగినన్ని ఉండాలని. అడవి తెరుచుకుంది ఆయనకు. సర్కారుకు మా మీద కోపం లేదు. మేము నోరు మూసుకుంటే దానికి పోయేదేమీ లేదు, ఓడకు తోళ్లు ఎక్కకపోతే పోతుంది. నేను నా సంతకాన్ని నడుమ పెట్టకపోయినా ఆ మహజరు అడవిని తెరిచి ఉండేది కాదేమో. అట్లా అనుకుంటే నా తప్పు కొంచెం తగ్గుతుంది. అందుకే ఆ ఆలోచనను నేను పూర్తిగా నమ్మను.

ఉత్తర్వులో ఒక షరతు ఉంది. ఇక మేకకైనా, పశువుకైనా చీటీ గ్రామ మునసబు చేతి మీదుగా తీసుకోవాలి. పెద్దగొల్ల మొదటి రోజే మందను తోలుకొని మా ఇంటి ముందు నుంచి పోతూ ఆగాడు.

"రెడ్డీ, మీ మేకలు పన్నెండు ఉండె గదా. నా మందలో కలుపుతా, చీటీ నేను తెస్తా. నువ్వు ఆ ఇంటికి పోయే పని ల్యా."

"వద్దు మామా."

"ఎన్నాళ్లు కట్టేసి మేపుతావు?"

చీటీ అడగడానికి వీధి దాటి ఆ గుమ్మం ముందు నేను నిలబడలేను. నా కోసం ఆయన నిలబడితే అది నేను నిలబడినట్టే. మేకలను ఇంటి వెనక కట్టి, కొమ్మలు కొట్టించి వేశాను. పశువులకూ అదే చేశాను. మరుసటి ఎండాకాలానికి దొడ్లో మేత అయిపోయింది. మేకలను అమ్మాను, తరువాత ఎద్దులను. దూడను అయినా ఉంచమని అమ్మ అడిగింది. కట్టడానికి రాతిగుంజ ఉంది, వెయ్యడానికి గడ్డి లేదు.

ఉద్యోగం నాకు తిరిగి ఇవ్వాలని కలెక్టరుకు, ఆయన కాదంటే మద్రాసులో రెవెన్యూ బోర్డుకు అప్పీళ్లు పెట్టాను. అన్నీ మా బల్ల మీదే రాశాను, ఒక్కడినే సంతకం చేశాను. ప్లీడర్లు కర్నూలులో ఒకరు, మద్రాసులో ఒకరు. రెండేళ్లు నడిచింది. పంతులు వచ్చి ఒకసారి, "ఊరంతా మీ కోసం మహజరు పెడతాం, ఈసారి మీరు చెప్పిన వరసలోనే," అన్నాడు. మొదటి సంతకం ఎవరిదని అడిగాను. ఆయన ఎదురింటి వైపు చూశాడు. ఇప్పుడు ఊరి మునసబు దాయాదే గదా. వద్దన్నాను.

బోర్డు నుంచి ఆఖరి జవాబు ఒక వాక్యం వచ్చింది. జోక్యం చేసుకోవడానికి కారణం కనబడలేదని.

ఆ ఏడు ప్లీడర్ల బాకీలకు బావి కింది నాలుగెకరాలు, చావడి దూలాలు, మా తాత చేయించిన టేకు బల్ల అమ్మాను. బల్లను తోళ్ల సాయిబు కొన్నాడు. కంభంలో వాళ్ల సంఘానికి కొత్తగా గది తీసుకున్నారు, రాసుకోవడానికి బల్ల లేదు.